బైరాగమ్మ చేతిలో నీలం రాయి

ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. గౌరి అంటే నాకు కుళ్ళు. ఇవాళ పుట్టిన కుళ్ళు కాదు, ఆమదాలవలసలో ఇద్దరం ఇంటర్మీడియట్ చదివిన రోజుల నాటిది. స్నేహం లేదా అంటే ఉంది, ఈ ముప్ఫై ఏళ్ళ పైచిలుకులో అది చెక్కుచెదరలేదు. స్నేహం దారి స్నేహానిది, కుళ్ళు దారి కుళ్ళుది. మొన్న ఆదివారం గౌరి విజయనగరంలో మా ఫ్లాటుకి వచ్చింది. వాళ్ళ నాన్నగారి రైసుమిల్లు ఇప్పుడు అదే నడుపుతోంది. అంత మిల్లుకి ఓనరు, ఒంటిమీద ఒక్క గొలుసు లేదు, ముతక నేతచీర, చేతిలో గుడ్డసంచి. మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే నా హాలంతా ఓసారి కలయజూసి, "ఏటే కామూ, ఇది ఇల్లా, ఎగ్జిబిషనా? కాలెట్టడానికి సోటు లేదు" అంది. నిజమే, నాకు వస్తువుల పిచ్చి. గాజు అలమారాలు మూడు ఉన్నాయి. వాటి నిండా బొబ్బిలి వీణల బొమ్మలు, ఇత్తడి కుందులు, పింగాణీ కప్పులు, అవి చాలక పై అరల్లో ఒక్కసారి కూడా కట్టని చీరలు. దానిలా ఏమీ లేకుండా హాయిగా ఉండడం నాకెందుకు చేతకాదా అని అప్పుడు కూడా కుళ్ళుకున్నాను.

కాఫీ ఇచ్చాను. తాగుతూ సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టింది. లోపల పసుపుపచ్చగా మారిన ఠావు కాగితం. "మిల్లు ఆఫీసు గదికి సున్నం కొట్టించాను. అల్మార్లో దొరికినాది. నీకు సూపిద్దామని తెచ్చాను" అంది. చూడగానే గుర్తుపట్టాను. పైన గౌరి గుండ్రటి అక్షరాల్లో 'బైరాగమ్మ, మంత్రగత్తె' అని రాసి ఉంది. కింద బలం, బుద్ధి, వయసు అంటూ గళ్ళు. అన్నిటికంటే కింద 'సామాన్లు' అని ఒక పెద్ద గడి. ఆ గడిలో ఒకే ఒక్క లైను ఉంది. దాన్ని చదివి కప్పు కింద పెట్టేశాను. ఆ లైను సంగతి చెప్పాలంటే తాతగారి దగ్గర మొదలుపెట్టాలి.

మా నాన్నగారు పాతపట్నంలో బడిపంతులు. కాలేజీ చదువుకని నన్ను ఆమదాలవలసలో తాతగారింట్లో పెట్టారు. స్టేషను వెనక రెండు గదుల పెంకుటిల్లు, అద్దెది. తాతగారు సంగీతం తెలిసినవారు, వేదం చదువుకున్నవారు. రెండూ అడిగినవాళ్ళకి ఊరికే చెప్పేవారు. బతుకు మాత్రం యాయవారం మీద. బీదరికంతో కాదు, వ్రతంగా. పొద్దున్నే నూతి దగ్గర స్నానం చేసి, తడిపంచె పిండి కట్టుకుని, చింతపండుతో తోమిన రాగి పాత్ర ఎడం భుజానికి తగిలించుకుని, కుడిచేత్తో చిడతలు వాయిస్తూ కీర్తన ఎత్తుకుని వీధిలోకి వెళ్ళేవారు. ఏ గుమ్మం ముందూ ఆగకూడదు, నోరు తెరిచి అడగకూడదు, పాత్రలో ఎవరేం వేశారో చూడకూడదు. పెట్టేవాళ్ళే నడిచి వచ్చి గుప్పెడు బియ్యం వెయ్యాలి. "సీతారామాభ్యాం నమః" అనుకుంటూ సాగిపోవాలి. పాత్ర సగానికొస్తే ఇంక ఇంటిదారే. రేపటి గింజ ఈ పూట ఇంట్లో ఉండకూడదు, పొద్దుగూకేలోగా మిగిలిన గుప్పెడూ పక్కింటికో పిచ్చికలకో వెళ్ళిపోవాలి. నాన్నగారు పంపించే మనియార్డరు మామ్మ నా పుస్తకాలకీ, ఉప్పూ నూనెలకీ వాడేది. తాతగారు ఆ డబ్బు వైపు చూసేవారు కాదు. "ఈయన వైరాగ్యం నా పోపులపెట్టె దాకా వచ్చి ఆగిపోతుందే" అని మామ్మ నాతో అని నవ్వేది.

ఆ అన్నం సంగతి చెప్పకపోతే ఏం చెప్పినట్టూ కాదు. ఇరవై ఇళ్ళ బియ్యం ఒకే గిన్నెలో ఉడకాలి. సన్నబియ్యం ముద్దయిపోయేసరికి ఉప్పుడు బియ్యం ఇంకా పలుకు మీద ఉండేది. కొత్తబియ్యం గంజి వాసన, పాతబియ్యం ముక్కవాసన, ఎవరి డబ్బాలోదో వేపాకు చేదు, అన్నీ ఒకే కంచంలో. తాతగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని, "ఇదిగో మిల్లువారి సన్నాలు... ఇది వడ్రంగి అప్పారావింటి ఉప్పుడు బియ్యం, కొత్తకోడలు ఉడికించినట్టుంది" అని చెప్పి, పేరు పేరునా "సుఖంగా ఉండాలి" అనేవారు. నాకు మాత్రం ఆ అన్నం గొంతు దిగేది కాదు. ముష్టి అన్నం అనుకునేదాన్ని, పైకి అనలేదంతే. కాలేజీ స్నేహితులతో బజారువీధిలో వస్తుంటే ఎదురుగా చిడతల చప్పుడు వినిపించేది. నేను చటుక్కున పక్కనున్న జిరాక్సు షాపులో దూరిపోయేదాన్ని. ఆ షాపువాడు నన్ను పెద్ద చదువరి అనుకుని ఉంటాడు. వచ్చిన కొత్తలో ఒకసారి తాతగారు, "రేపు ఆదివారం నాతో వస్తావా అమ్మా, చిడతలు నువ్వు వాయిద్దువుగాని" అన్నారు. కడుపునొప్పన్నాను. "సరే" అన్నారు. ఏ సంగతీ రెండోసారి అడగడం ఆయన స్వభావంలో లేదు.

ఆట వచ్చింది గౌరి వాళ్ళ బావ వల్ల. అప్పలరాజు అని, దాని మేనత్త కొడుకు, విశాఖపట్నంలో పాలిటెక్నిక్ చదువుతూ ఆదివారాలకి ఊరొచ్చేవాడు. హాస్టల్లో ఎవరి దగ్గరో ఉన్న ఇంగ్లీషు పుస్తకాన్ని జిరాక్సు తీయించి పట్టుకొచ్చాడు. నలుగురు కూర్చుని, కాగితం మీద తలో మనిషినీ రాసుకుని, ఆ మనిషిలాగే మాట్లాడుతూ కథ నడిపించుకునే ఆట అది. బల్ల మీద పావులుండవు. ఒకడు కథ చెప్తాడు. ఎదురుగా గుహ ఉంది, లోపల ఏదో మూలుగుతోంది, ఇప్పుడేం చేస్తారు అంటాడు. మిగతావాళ్ళు తమ మనిషి ఏం చేస్తుందో చెప్పాలి. చేసిన పని నెగ్గిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేల్చాలిట. ఇరవై ముఖాల పాచిక ఆమదాలవలసలో ఎక్కడ దొరుకుతుంది? గౌరి వాళ్ళింట్లో తంబోలా ఆట ఉంటే, అందులోంచి ఒకటి నుంచి ఇరవై దాకా బిళ్ళలు తీసి బిస్కట్ల డబ్బాలో వేసి గలగలలాడించి ఒకటి తీసేవాళ్ళం, పెద్ద అంకె వస్తే పని నెగ్గినట్టు. కథ చెప్పేది రాజు. ఆడేది నేను, గౌరి, రాజు స్నేహితుడు నర్సింగు. ఆదివారం మిల్లు ఆగి ఉండేది, మధ్యాహ్నం భోజనాలయ్యాక గోనెసంచులు వేసే గదిలో కూర్చునేవాళ్ళం. తవుడు వాసన, ఉడికించిన ధాన్యం ఆరుతున్న పుల్లటి వాసన. ఇప్పటికీ ఎక్కడైనా తవుడు వాసన తగిలితే నాకు కత్తులూ గుర్రాలూ గుర్తొస్తాయి.

కత్తులూ గుర్రాలూ అంటే నావే. నా మనిషి హేమాంగి, రాచకన్య, వీరనారి. కథలో ఎక్కడ నిధి దొరికినా ముందు చెయ్యి నాదే. రెండు కత్తులు, వెండి డాలు, నల్ల గుర్రం, జరీ పైట, ఏడు ఉంగరాలు, రాజుకి తప్ప ఎవరికీ తెలియకుండా దాచుకున్న ఒక నీలం రాయి. సామాన్ల గడి చాలక ఇంకో కాగితం తెచ్చి గుండుసూదితో గుచ్చాను. ఇంట్లో ఎలాగూ లేదు, కాగితం మీదైనా ఉండొద్దా? మిల్లు ఓనరు కూతురు గౌరి ఏం ఎంచుకుందో ఆ రోజు మాటల్లోనే చెప్తాను. రాజు కాగితాలు తిరగేస్తూ, "ఇందులో ఓ రకం మంత్రగాడున్నాడు రోయ్. ఏటీ ఉంచుకోనని ఒట్టేసుకుంటాడట. ఒట్టున్నన్నాళ్ళూ మంత్రం తప్పదట. ఒట్టు పోతే మంత్రం పోద్ది. ఆ కింద ఏటి రాసున్నాదో కనబడ్డం లేదు, జిరాక్సు నల్లగా వచ్చేసినాది" అన్నాడు.

"ఏటీ లేకపోతే ఇంక ఆటేటిరా? నాకొద్దు బాబూ" అన్నాడు నర్సింగు. ఆటలో వాడి మనిషి విలుకాడు, ఆ విలుకాడికి ఎప్పుడూ ఆకలే, ఊళ్ళో అడుగుపెట్టగానే పూటకూళ్ళమ్మ ఇల్లెక్కడని అడిగేవాడు.

"నాకిచ్చెయ్ బావా. నానాడతాను" అంది గౌరి.

నల్లగా వచ్చిన ఆ సగం పేజీ నా కొంప ముంచింది. ఒట్టుకి నియమాలన్నీ అందులోనే ఉండిపోయాయి. బైరాగమ్మ చెప్పులు వేసుకోవచ్చా? దారిఖర్చు పెట్టుకోవచ్చా? ఎవరైనా కంబళి ఇస్తే రేపటికి దాచుకోవచ్చా? ప్రతివారం తగువే. ఒక ఆదివారం గౌరి ఉన్నట్టుండి, "ఈ గోలంతా ఎందుకే? కామూ వాళ్ళ తాతగారిని అడిగితే సరి. ఆయనకి తెలీని రూలుంటాదా?" అంది. నా మొహం కందిపోయింది. నేను జిరాక్సు షాపులో దాక్కుని దాచుకున్న సంగతిని అది తవుడు బస్తా విప్పినంత తేలిగ్గా అందరి ముందూ విప్పేసింది. దానికి అందులో సిగ్గుపడాల్సిందేదో ఉందని కూడా తెలీదు. అదే మరీ మండింది.

తాతగారు ఇవన్నీ పిచ్చిపనులు అని కొట్టిపారేస్తారనుకున్నాను. పారెయ్యలేదు సరికదా, పడక్కుర్చీలోంచి లేచి కూర్చుని విన్నారు. "చెప్పులు ఒకరిస్తే వేసుకోవచ్చమ్మా. ఇంకొకరికి కావలసివస్తే విప్పి ఇచ్చెయ్యాలి. విప్పేటప్పుడు మీ బైరాగమ్మ మొహం మాడకూడదు, అంతే నియమం" అన్నారు. గౌరి అది బుద్ధిగా కాగితం వెనకాల రాసుకుంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం సాయంత్రం నేను ఇంటికి రాగానే తాతగారు అడిగే మొదటి మాట, "బైరాగమ్మ ఇవాళ ఏం చేసిందమ్మా?" హేమాంగి ఏం చేసిందని ఒక్కసారి అడిగితే ఆయన సొమ్మేం పోయింది? ఉండబట్టలేక ఒకనాడు నేనే హేమాంగి ఏడు ఉంగరాల గురించి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అన్ని ఉంగరాలతో అన్నం ఎలా కలుపుకుంటుందమ్మా?" అని పకపకా నవ్వారు. మామ్మ కూడా నవ్వింది. నేను పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

గౌరి మా ఇంటికి రాకపోకలు ఎక్కువ చేసింది. కంచం ముందు కూర్చుని, "ఎంత బాగున్నాదో మామ్మగారూ, ముద్ద ముద్దకీ ఓ రుచి" అంటూ నేను దిగమింగలేని ఆ అన్నాన్ని లొట్టలేసుకుంటూ తినేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటే ఏమిటో అప్పుడు నా కళ్ళతో చూశాను. ఇంటికెళ్తే దానికి సన్నబియ్యం, నెయ్యి, కూరలు నాలుగు. ఇక్కడ బీదరికం దానికి పండగ. తాతగారు దాని పక్కనే కూర్చుని ఏ గింజ ఎవరింటిదో నాలుకతో ఎలా కనుక్కోవాలో నేర్పేవారు. నాకెప్పుడూ నేర్పలేదు. నేను అడగలేదు, అది వేరే సంగతి.

ఆ తర్వాత జరిగింది ఊరంతా వారం రోజులు చెప్పుకుంది. "తాతగారూ, బైరాగమ్మ ఎలాగ నడవాలో నాకు తెలీట్లేదు. ఓ రోజు మీ ఎనకాల వస్తాను" అంది గౌరి. "ఆదివారం పొద్దున్న తలస్నానం చేసి రా అమ్మా" అన్నారు. వచ్చింది, తడిజుట్టు ముడేసుకుని, చెప్పుల్లేకుండా. తాతగారు చిడతలు దాని చేతికిచ్చారు. నేను తలుపు వెనక నిలబడి చూశాను. వాళ్ళు వీధి మలుపు తిరిగాక, కొట్టుకెళ్ళి అగ్గిపెట్టె తెస్తానని మామ్మతో అబద్ధమాడి, ఎడంగా నేనూ బయల్దేరాను. తాతగారు ముందు, గౌరి వెనక. కీర్తన చరణంలోకి వెళ్ళేసరికి చిడతలు కుదురుకున్నాయి. గుమ్మాల్లోంచి ఆడవాళ్ళు బియ్యం పట్టుకొచ్చి, ఎవరి పిల్లో గుర్తుపట్టి, నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. అలా అలా మిల్లువారి ఇంటి ముందుకే వచ్చారు. గౌరి వాళ్ళమ్మ ఎప్పట్లాగే పళ్ళెంలో బియ్యంతో బయటికొచ్చింది.

"ఓలమ్మో! ఒసే గౌరీ! నీకేటొచ్చిందే పోయేకాలం! గాదెలనిండా ధాన్యం ఎట్టుకుని ముష్టికెళ్తావేటే!"

ఆగకూడదు, చూడకూడదు. గౌరి ఆగలేదు, చూడలేదు. తాతగారూ ఆగలేదు. ఆవిడ తిట్టుకుంటూ, ఏడుస్తూ, మధ్యలో నవ్వొచ్చి నవ్వుతూ, కొంగు నడుముకి చుట్టుకుని పళ్ళెంతో వీధెంట పరుగెత్తింది. పరుగెత్తి పరుగెత్తి పాత్రలో వేసింది. "సీతారామాభ్యాం నమః" అన్నారు తాతగారు, ఆ మాట తప్ప ఇంకేం లేదు. నేను కిరాణా కొట్టు అరుగు మీద నిలబడి ఆయన మొహమే చూశాను. ఒక చెవి వెనక్కి, చిడతల వైపు పెట్టి నడుస్తున్నారు. అంత సంతోషంగా ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు. ఇంటికొచ్చాక మామ్మతో, "పిల్ల తాళం తప్పలేదే" అన్నారు. అది నా చోటు. నేను కడుపునొప్పని వదిలేసిన చోటు. వదిలేసిందాన్ని ఇంకొకరు తీసుకుంటే దొంగతనం ఎలా అవుతుందని ఇప్పుడు అడగగలను. అప్పుడు మాత్రం గౌరి నా తాతని ఎత్తుకుపోయిందనే అనిపించింది. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే ఆటలో పగ తీర్చుకున్నాను. మిగతావాళ్ళకి తెలియకుండా ఏదైనా చెయ్యాలంటే చీటీ రాసి కథ చెప్పేవాడికి ఇవ్వొచ్చు, అది ఆటలో ఉన్నదే. బైరాగమ్మ నిద్రపోతుండగా హేమాంగి తన నీలం రాయి ఆవిడ జోలెలో వేస్తుంది అని రాసి మడిచి ఇచ్చాను. రాజు చదివి నా వైపు ఒకసారి చూశాడు. చీటీ సంగతి ఎవరికీ చెప్పకూడదని రూలు. డబ్బా గలగలలాడించి బిళ్ళ తీశాడు. పదిహేడు. కథలో తెల్లారింది, వంతెన మీద రాకాసి మృగం అడ్డం వచ్చింది. గౌరి చెయ్యెత్తి మంత్రం చెప్పింది.

"మంత్రం పలకడం లేదు. జోలె సూసుకో" అన్నాడు రాజు.

"ఏటున్నాది?"

"నీలం రాయి. రాత్రి నుంచీ ఉన్నాది."

గౌరి మొహం పాలిపోయింది. "నాను ఎట్టుకోలేదు బావా, ఒట్టు" అంది, నిజంగా తన సంచీలోనే దొరికినట్టు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మృగం నర్సింగు విలుకాడి చెయ్యి కొరికేసింది. వాడు గోనెసంచుల మీద పడి, "నా సెయ్యి! నానింక అన్నమెలాగ తినాలిరా!" అని గోల. "అయ్యో పాపం, ఎవరు పెట్టి ఉంటారే?" అన్నాను నేను అందరికంటే గట్టిగా.

ఒట్టు పోయిందా లేదా? ఆ రూలు నల్లటి సగంలో ఉంది. గౌరి లేచి చెప్పులు కూడా వేసుకోకుండా మా ఇంటికి పరుగెత్తింది. వెనకాల నేనూ. తాతగారు అరుగు మీద తులసిపూసలు గుచ్చుకుంటున్నారు. అంతా విని పూసలు పక్కన పెట్టారు. "నా పాత్రలో ఒకసారి ఎవరో ఉంగరం వేశారమ్మా. వీధిలో నేను చూడను కదా, ఇంటికొచ్చి బియ్యం పోస్తే బయటపడింది. పోగొట్టుకున్నదా, పొరపాటా, కొంటెతనమా అన్నది నాకనవసరం. ఎవరిదో కనుక్కుని ఇచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. నీకు తెలియకుండా వచ్చింది నీది కాదు. తెలిశాక తిరిగి ఇచ్చెయ్యాలి. ముందు ఎవరిదో కనుక్కో" అన్నారు. గౌరి కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. అది వెళ్ళాక ఆయన నా వైపు తిరిగారు. గొంతులో కోపం లేదు.

"ఆ రాయి నీదా అమ్మా?"

"కాదు తాతగారూ."

"సరే" అన్నారు.

అంతే, ఇంకెప్పుడూ అడగలేదు. బైరాగమ్మ ఇవాళేం చేసిందని కూడా నన్ను అడగడం మానేశారు. నాకు చెప్పే అవకాశం ఉన్న ఒకే ఒక్క కథ అది, అదీ పోయింది. ఒక చెంపదెబ్బ కొట్టి ఉంటే ఏడ్చి నిజం చెప్పేసేదాన్ని. ఆయన చేసిన పనల్లా, ఎప్పట్లాగే నా కంచంలో మొదట వడ్డించమని మామ్మకి సైగ చెయ్యడం. ఆ రోజుల్లో ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో నాకే తెలుసు. నిజం చెప్తే గౌరి మంత్రం గౌరికి తిరిగొస్తుంది. తాతగారి కళ్ళల్లో నేను అబద్ధాలకోరునని ఖాయమైపోతుంది. రెండూ నాకు ఇష్టం లేదు.

మరుసటి ఆదివారం ఆటలో బైరాగమ్మ లేచి నిలబడి, అరచెయ్యి చాపి, "ఈ రాయి ఎవరిది?" అని అడిగింది. నర్సింగు తనది కాదన్నాడు. నేను దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుని, తల అడ్డంగా ఊపాను. గౌరి ఆ గడిలో ఒక లైను రాసుకుంది. అప్పటినుంచి పరీక్షలొచ్చి ఆట ఆగిపోయేదాకా, నాలుగైదు నెలలు, బైరాగమ్మ ఒక్క మంత్రం కూడా లేకుండా మా వెంట నడిచింది. ఊరూరా ఆ రాయి చూపించి ఎవరిదని అడగడమే ఆవిడ పని. నేను ఆవిణ్ణి మట్టుబెడదామనుకుంటే ఆవిడే కథ అయి కూర్చుంది. రాజు ఏ ఊరు సృష్టించినా అక్కడి జనం ఆవిడకే ఎదురొచ్చేవారు. దొంగలు కూడా ఆవిడ ముందు తలవంచుకునేవారు. చెయ్యి పోయిన నర్సింగు విలుకాడు ఆవిడకి తోడుగా నడుస్తానని తన విల్లు పారేస్తే, గోనెసంచుల గదిలో నర్సింగు నిజంగానే వెక్కి వెక్కి ఏడ్చాడు. గుర్రం మీద, ఏడు ఉంగరాలతో, నేను వెనకాల వస్తూ ఉండేదాన్ని. నా వైపు ఎవరూ చూసేవారు కాదు. ఆ మరుసటి ఏడు తాతగారు పోయారు. యాయవారం నుంచి వచ్చి, పాత్ర దించి, కాళ్ళు కడుక్కుని పడుకున్నారు, లేవలేదు. ఆ పాత్రలో బియ్యం అలాగే ఉన్నాయి. రేపటి గింజ ఆయన ఇంట్లో మిగిలింది ఆ ఒక్కరోజే.

ఇప్పుడు ఆమదాలవలసలో ఎవరైనా చిడతలు పట్టుకుని వీధిలోకి వస్తే గేట్లకి కెమెరాలున్నాయి, నడిచి వచ్చి గుప్పెడు వేసేవాళ్ళు లేరు. వెయ్యమన్నా ఇంట్లో బియ్యం కుట్టు విప్పని సంచిలో ఉంటాయి. గౌరి మిల్లులో రంగు చూసి గింజ ఏరే మిషను పెట్టింది. ఒక్క గింజ పచ్చగా ఉన్నా, విరిగినా, ఊది అవతల పారేస్తుంది. సంచి విప్పితే గింజ గింజా ఒకేలా ఉంటుంది. నేను కొనేది ఆ బియ్యమే, అన్నం మల్లెపువ్వులా ఉంటుంది, తింటుంటే ఎవరూ గుర్తురారు. మిల్లు ఓనరమ్మ మాత్రం ఆ మిషను ఊది పారేసిన గింజలు ఇంటికి తెచ్చి వండుకుంటుందిట. "తాతగారి అన్నంలాగే ఉంటాది" అంది మొన్న. చూశారా, అక్కడ కూడా అదే నెగ్గింది.

సరే, మొన్నటి కాగితం. సామాన్ల గడిలో ఉన్న ఆ లైను, "నీలం రాయి. నాది కాదు." ముప్ఫై ఏళ్ళు దాటినా సిరా వెలిసిపోలేదు. నేను దాన్ని చదివాను, అలమారాల వైపు చూశాను, మళ్ళీ చదివాను. గౌరి కాఫీ తాగుతోంది, ఏమీ అడగడం లేదు. అడిగి ఉంటే మళ్ళీ కాదనేదాన్నేమో.

"నాదే గౌరీ" అన్నాను. "నేనే వేశాను. నీ మీద కుళ్ళుతో వేశాను."

"తెలుసు" అంది.

"రాజు చెప్పాడా?"

"బావెందుకు సెప్తాడు, ఆట రూలు గదా. తాతగారు సెప్పారు. ఆ రోజు సాయంత్రమే మిల్లుకొచ్చారు. 'రాయి ఎవరిదో నాకు తెలిసిందమ్మా. అడిగాను, కాదంది. రెండోసారి అడగడం నాకు చేతకాదు. అది తనంతట తాను అడిగేదాకా నువ్వే దాచిపెట్టు. దాచింది నీ సొమ్ము కాదు కనక నీ ఒట్టుకేం కాదు' అన్నారు."

"అంటే నీ మంత్రం పోలేదా? మరి అన్ని నెలలూ మంత్రం లేకుండా ఎందుకు తిరిగావే?"

"మంత్రం తిరిగొచ్చిందంటే, నాకు తెలిసిపోయిందని నీకు తెలిసిపోద్ది గదే. నువ్వు మా ఇంటికి రావడం మానేస్తావు. బావతో సెప్పి ఆపించేసాను."

సిగ్గు ముందు రావాలి, నాకు తెలుసు. ముందొచ్చింది సిగ్గు కాదు. తాతగారు జన్మలో ఎవరికీ ఏదీ దాచిపెట్టమని ఇచ్చిన మనిషి కాదు, ఆయన దగ్గర దాచడానికేమీ ఉండేది కాదు. ఒకే ఒక్కటి దాచమని ఇచ్చారు, అది నా అబద్ధం. అది కూడా గౌరికే ఇచ్చారు. ఇన్నేళ్ళూ అది ఆ మిల్లు అల్మారాలో, ఆయన పెట్టినచోటే, భద్రంగా ఉంది. ఆ మాట నాతో అనకుండా దాని దగ్గరికి నడిచి వెళ్ళారే అని, ఆయన పోయిన ఇన్నేళ్ళకి, గౌరి ఎదుటే, మళ్ళీ కుళ్ళు పుట్టింది. అదే మాట దానితో అన్నాను కూడా. "నీకింకా కుళ్ళేనేటే, ముసిల్దానివైపోతున్నావు" అని నవ్వింది. నవ్వుతూనే నా పెన్నుల స్టాండులోంచి ఒక పెన్ను తీసి, ఆ లైను అడ్డంగా కొట్టేసింది.

"సెయ్యి పట్టు" అంది.

చెయ్యి చాపాను. దాని గుప్పిట నా అరచేతిలో పెట్టి విప్పింది. అందులో ఏమీ లేదు. "ఇదిగో నీ రాయి. ఇంక నా మంత్రాలు నాకొస్తాయి" అని, కాగితం సంచిలో పెట్టుకుని, రైలు టైమైందంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది. దాని సామాన్ల గడి ఖాళీ అయింది. నేను గుప్పిట మూసుకుని మూడు అలమారాల మధ్య కూర్చున్నాను. ఇంట్లోకి ఇంకో వస్తువు వచ్చి చేరింది.